‘ఇంకేమైనా?’ అని అడిగిన పాపానికి

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి తన మీద ఉండే నమ్మకం, ఆ తర్వాత ఎన్నేళ్ళు పనిచేసినా మళ్ళీ రాదు. నా సంగతి మరీనూ. అమలాపురంలో ఒక బట్టల కొట్టు మేడ మీద మా బావగారు (అక్క భర్త) నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరీ చేరకముందే, కోనసీమ కొబ్బరి వ్యాపారాన్ని ఒక దారిలో పెట్టేది నేనేనని నిర్ణయించేసుకున్నాను. ఆ వ్యాపారం తాతల నాటి నుంచీ ఒక దారిలోనే ఉందన్న సంగతి నాకు తట్టలేదు.

మాకు వచ్చిన పని ఏమిటంటే, రావులపాలెం గోడౌనులో కాయలు కొని ఉత్తరాదికి పంపే ఒక కంపెనీవారు ఇకమీదట ప్రతి లోడు వివరాలూ కంప్యూటరులోనే రావాలన్నారు. వ్యాపారి తన ఫోనులో నింపిన వివరాలు ఎక్స్‌ఎంఎల్ అనే పద్ధతిలో ఫైలుగా మారి మా దగ్గరికి వస్తాయి. ఆ ఫైలులో ఏది ఎక్కడ ఎలా ఉండాలో చెప్పే నిబంధనలను స్కీమా అంటారు. స్కీమా ఒప్పుకుంటేనే గేటు పాసు. కాయల రకం, లెక్క, ఊరు లాంటివాటికి చోట్లు ముందే ఖాయం చేశాం. ముందుగా ఊహించలేని వాటి కోసం చివర్లో ఒక ఖాళీ వదిలాం. అందులో వ్యాపారి తనకు తోచిన పేరుతో తనకు తోచిన వివరం చేర్చుకోవచ్చు. ఆ ఖాళీలోనే వచ్చే లారీ నంబరు లాంటి కొన్నిటికి మాత్రం ఎలా ఉండాలో కంపెనీవారు ముందే నిర్వచనం ఇచ్చారు. తెర మీద ఆ ఖాళీకి ‘ఇంకేమైనా?’ అని పేరు పెట్టింది నేనే. ఎంత మర్యాదగా ఉందో అని మురిసిపోయాను కూడా.

ఆ ఖాళీలోకి వచ్చేవాటిని ఎంత గట్టిగా తనిఖీ చేయాలో స్కీమాలో ఒక్క మాటతో చెప్పేయవచ్చు. ‘స్ట్రిక్ట్’ అంటే నిర్వచనం ఉన్నవే రావాలి, అవి కూడా దాని ప్రకారమే ఉండాలి. ‘స్కిప్’ అంటే లోపల ఏముందో చూడనే చూడదు. మూడోది కూడా ఒకటుంది గాని, అంతవరకూ చదివే ఓపిక అప్పట్లో నాకు లేదు. మా బావగారికి (పెళ్ళిచూపులకు వచ్చి మా వీధి గుమ్మం కొలతలు అడిగిన మనిషి) మొదటిదే నచ్చింది. “ఓసారి వదిలేస్తే అలుసైపోతామమ్మా” అన్నారు. స్ట్రిక్ట్ పెట్టేశాను.

ఇలా కంప్యూటరులో వచ్చిన మొదటి లోడు మా బాబాయిది. ముమ్మిడివరంలో కాయల వ్యాపారం. ఈ కంపెనీని నమ్ముకుని ఆ ఏడు పాత బేరగాళ్ళందరినీ వద్దనుకున్నాడు. మధ్యాహ్నంలోగా లోడు గోడౌను గేటు దాటకపోతే ఒప్పందం ఇంకో వ్యాపారికి వెళ్ళిపోతుంది. ఆ ఇంకో వ్యాపారి లారీ అప్పటికే వెనకాల నిలబడి హారను కొడుతోంది.

మా వైపు ఎవరైనా ‘ఇంకేమైనా ఉందా’ అని అడిగితే ‘ఏం లేదు’ అని ముఖం మీద అనరు. అడిగినవారిని చిన్నబుచ్చినట్టవుతుంది. అందుకని బాబాయి ఆ ఖాళీలో ‘కొసరు’ అని పేరు పెట్టి, లెక్కకు మించి ఎన్ని కాయలు వేశాడో రాశాడు. తర్వాత ‘వాన’ అని పెట్టి, మా వైపు బాగా పడిందని రాశాడు. ఆపైన ‘అమ్మాయి’ అని పెట్టి, ఈ కంప్యూటరు పని చేసింది మా అన్నయ్యగారి అమ్మాయేనని రాశాడు. వీటిలో దేనికీ నిర్వచనం లేదని స్కీమా ఫైలు మొత్తాన్నీ తిప్పికొట్టింది. అవి తీసేయమని ఫోనులో బతిమాలాను.

“అడిగింది మీరే కదమ్మలూ. కొసరు వెయ్యని మనిషినని పేరు పడితే నేను రేపు కొట్టు తెరవగలనా?” అన్నాడు.

బావగారు టీకి లేచిన సమయం చూసి స్కిప్ పెట్టేశాను. క్షణంలో పాసు వెళ్ళిపోయింది. నా తెలివికి నేనే పొంగిపోతూ ఉండగా మళ్ళీ ఫోను. పాసు మీద లారీ నంబరు దగ్గర ‘మొన్న వచ్చిన లారీయేనండి’ అని ఉందట. స్కిప్ కదా, దాన్ని కూడా చూడకుండా వదిలేసింది. గేటు దగ్గరి ఆయన పాసు పట్టుకుని లారీ చుట్టూ ప్రదక్షిణ చేసి, నంబరు లేనిదే కుదరదన్నాడట. వాళ్ళకి తెలిసిన బండే కదా అని బాబాయి మొత్తుకుంటున్నాడు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

బావగారు వచ్చి మళ్ళీ స్ట్రిక్ట్ పెట్టమన్నారు. పెడితే కొసరు పోతుందన్నాను. ఇక గతిలేక, నేను చదవకుండా వదిలేసిన ఆ మూడో మాట దగ్గరికి వెళ్ళాను. ‘లాక్స్’. నిర్వచనం ఉన్నదైతే దాని ప్రకారం తనిఖీ చేస్తుంది, లేనిదైతే వెళ్ళనిస్తుంది. పెళ్ళిలో గుమ్మం దగ్గర నిలబడి మా అమ్మ చేసేది కూడా ఇదే. తెలిసినవాళ్ళని ఆపి కుశలం మొత్తం ఆరా తీస్తుంది, తెలియనివాళ్ళని ‘భోంచేసి వెళ్ళండి’ అని లోపలికి పంపేస్తుంది.

లాక్స్ పెట్టి, బాబాయిని మళ్ళీ పంపమన్నాను. ఈసారి స్కీమా లారీ నంబరు ఒక్కదాన్నే పట్టుకుని, సరిగా రాయమంది. బాబాయి సణుక్కుంటూ లారీ ముందుకు వెళ్ళి, పైకి చదువుకుంటూ నంబరు కొట్టాడు. కొసరూ వానా నేనూ ఏ అడ్డూ లేకుండా దాటిపోయాం. ఫోనులో ఇంజను చప్పుడు, గేటు కిర్రుమనడం వినిపించాయి.

“ఆయ్, లోపలికెళ్ళిందమ్మా. బతికించేవు” అన్నాడు బాబాయి.

నేను కుర్చీలో వెనక్కి వాలాను. ఊపిరి ఇంత సుఖంగా ఉంటుందని అంతవరకూ తెలియదు. బావగారు ఫ్యాను వేగం పెంచి, “అయితే నిర్వచనం లేనంత మాత్రాన దొంగ కాదన్నమాట” అన్నారు. ఆయన నోట ఓటమి ఒప్పుకోవడం లాంటి మాట వినడం అదే మొదలు, అదే చివర.

ఇప్పుడు నేను పెద్ద పెద్ద కంపెనీలకు స్కీమాలు రాస్తున్నాను. నాకంటే చిన్నవాళ్ళు నన్ను చాదస్తపు మనిషంటారని వినికిడి. ఈ కంపెనీల ఫైళ్ళు చక్కగా, తప్పుల్లేకుండా వస్తాయి. చివరి ఖాళీలో ఎవరూ ఏమీ రాయరు. ఎవరూ రాయని చోటికి ఈ వెసులుబాటు ఎందుకు, స్ట్రిక్ట్ పెట్టేయండి మేడం అంటారు కుర్రకారు. వినను. లాక్స్ అనే పెడతాను. ఎక్కడో ఎవరికో, తమ వైపు వాన బాగా పడిందని చెప్పాలనిపించవచ్చు కదా.