మహానగరానికి బట్టలు కుట్టబోయిన దర్జీ

మా నాన్న పాతికేళ్లు నిలబెట్టిన పేరును నేను ఒక్క వేసవిలో ఎలా నేల కరిపించానో చెబుతాను, వినండి. లోకంలో తెలివితక్కువ వాళ్లు చాలామంది ఉంటారు. నాలాగా ఉపన్యాసం విని మరీ ఉన్న తెలివి పోగొట్టుకున్నవాళ్లు తక్కువ.

మెదక్‌లో మాది దర్జీ కొట్టు. నాన్న పోయాక నేను యజమానిని, ఆయనతో కలిసి పనిచేసిన యూసుఫ్ చాచా కటింగ్ మాస్టర్. ఒకరోజు దారాలు, గుండీలు కొనడానికి హైదరాబాదు వెళ్లి, ఏసీ ఉంది కదా అని ఏదో సభలో దూరి కూర్చున్నాను. ఒక పెద్దమనిషి తెర మీద పటం చూపించి, "ఇక నగరాలు ఒంటరిగా పెరగవు. చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిసి ఒకే గుత్తిగా పెరుగుతాయి. సంపదంతా అక్కడే" అన్నాడు. పటంలో తూప్రాన్ ఉంది, మెదక్ లేదు. అంతే, నాకు మెదక్ మీద జాలి పుట్టింది!

"చాచా, తూప్రాన్ పోదం. హైవే మీద దుకాణం పెడదం. సిటీ గాడికే వస్తది."

"వచ్చినంక పోదం బేటా. గింత తొందరేంది? పెండ్లిళ్ల సీజన్ నెత్తిమీదుంది."

"నీకు తెల్వది. గిది ఎకనామిక్ క్లస్టర్."

"గదేందో గానీ, ప్యాంటు కుట్టించుకునేటోడు నడుచుకుంట వస్తడు. కార్ల ఉరికేటోడు ఆగుతడా?"

పాపం, పాతకాలం మనిషి అనుకుని నవ్వాను. ఆయన రానన్నాడు. పాత కొట్టు ఆయనకే వదిలేసి, నాన్న దాచిన నీలం బట్ట తానులన్నీ ఆటోకెత్తించి తూప్రాన్‌లో దిగాను. నగరం లేదు, నడిచొచ్చే గిరాకీ లేదు, కొట్టు పేరు మెట్రోపాలిటన్ టైలర్స్!

అక్కడితో ఆగితే నేను మామూలు మూర్ఖుణ్ణే. రాబోయే ఆఫీసు బాబుల కోసం ముందే సూట్లు కుట్టి పెట్టాను. కొలతలంటారా? ఊహించుకున్నాను. కుర్చీలో కూర్చుంటారు కనుక పొట్ట ఉంటుంది, జిమ్ముకు వెళ్తారు కనుక భుజాలుంటాయి అని తానులన్నీ కత్తిరించేశాను. అలాంటి మనిషిని బ్రహ్మ ఇంకా చెయ్యలేదు.

కార్లు రయ్యిమని పోయేవి. ఎట్టకేలకు ఒకటి ఆగింది. నా గుండె కూడా ఆగినంత పనైంది.

"అన్నా, బాత్రూం ఏడుంది?"

మర్నాడు ఇంకొకటి ఆగింది. "పంక్చర్ వేస్తరా?"

"గిది టైలర్ దుకాణం సార్. సూట్లున్నయ్, జర చూడుండ్రి."

మర్యాదస్తుడు, కోటు తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. "గిది ఇద్దరికి కలిపి కుట్టిండ్రా?"

పెళ్లిళ్ల సీజన్ అలాగే చివరికొచ్చింది. షట్టర్ దించి, సూట్లు మూటగట్టి మెదక్ బస్సెక్కాను. పాత కొట్టులో కౌడిపల్లి నుంచి వచ్చిన పెళ్లివారు కాలు పెట్టే చోటు లేకుండా కూర్చున్నారు. నేను సిగ్గుతో గుమ్మం దగ్గరే నిలబడ్డాను. చాచా మూట విప్పి, ఒక కోటు ఎత్తి, దాని నడుముకు టేపు పెట్టి చూశాడు. తిట్టినా బాగుండేది.

"కొల్వకుంటనే కత్తిరించినవ్ బేటా. మీ నాయిన నేర్పిన మొదటి ముచ్చటే మర్చినవ్."

కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇప్పుడేం జెయ్యాలె చాచా?"

"ఏమున్నది? కుట్లు విప్పు. బడులు తెరుస్తుండ్రు."

ఆ జూన్‌లో మా వీధి పిల్లలందరూ మహానగరపు సూటు గుడ్డతో కుట్టిన బడి నిక్కర్లలో గోలీలాడారు. కనుక, కత్తెర మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎంత గొప్ప నగరమైనా సరే, స్వయంగా నా కొట్టుకొచ్చి, చేతులు చాచి నిలబడి కొలతలిస్తే తప్ప దానికి రుమాలు కూడా కుట్టను.