పతకం వచ్చింది, వంతు పోయింది

ప్లాస్టిక్ కుర్చీ కనిపెట్టిన మహానుభావుడికి నడుము ఉండి ఉండదు. మొన్న గణతంత్ర దినోత్సవం నాడు మా కాలనీవాళ్ళు నన్ను అలాంటి కుర్చీలో రెండు గంటలు కూర్చోబెట్టి, పక్కనున్న విశ్రాంత సైనికుడికి శాలువా కప్పి, ఫోటో తీసుకుని ఇడ్లీల వైపు నడిచారు. ఆయన ఛాతీ మీది పతకాన్ని చూస్తే నాకు మా మేనమామ గుర్తొచ్చాడు.

అరవై అయిదు యుద్ధంలో మామ ఏదో ఘనకార్యం చేశాడు. ఏమిటని అడిగితే "చలిగా ఉండిందిరా" అనేవాడు, అంతే. సైన్యం వదిలి దొరవారిసత్రం దగ్గరి మా పల్లెకు పతకంతో తిరిగొచ్చినప్పుడు, నెల్లూరు కాలేజీలో చదువుతున్న నేను దాని మీది అక్షరాలు చదివి వినిపించే ఉద్యోగంలో జీతం లేకుండా కుదిరాను. మా అవ్వ దాన్ని చింతపండుతో తోమి, పసుపు కుంకాలు పెట్టి, దేవుడి గూట్లో ఉంచింది.

పులికాట్ సరస్సులో ఎవరు ఎప్పుడు ఎక్కడ వల వేయాలో మావాళ్ళు ఏటా చీటీలు తీసి వంతులు పంచుకునేవారు. చీటీలో పేరు లేనివాడు గట్టున కూర్చోవలసిందే. ఆ ఏడు మామ పేరు వేయకూడదని పెద్దలు ముందే తీర్మానించారు. కోపంతో కాదు, గౌరవంతో.

"సర్కారు బిళ్ళ పెట్టుకున్నోడివి, నీకీ చేపల కంపేంది అబ్బయా? దర్జాగా కూర్చో, మేం లేమా!" అన్నాడు కులపెద్ద.

అన్నట్టే ఇళ్ళవాళ్ళు వంతులవారీగా చేపలు పంపారు. వల లాగడం తప్ప వేరే కోరికలేని మామ, ఆ చేపల పులుసు తింటూనే చిక్కిపోయాడు. శత్రువుకు లొంగని మనిషి మర్యాదకు లొంగిపోయాడు.

ఈ రోజుల్లో వీరుణ్ణి మరిచిపోవడానికి ఒక ఫోటో చాలు. ఆ రోజుల్లో గౌరవించడం మొదలుపెడితే మనిషికి ఊపిరాడేది కాదు. ఏది మేలో తేల్చలేను గానీ, అంత అమాయకమైన మర్యాద మళ్ళీ నా కంటపడలేదు. మోకాళ్ళు సహకరించినంత కాలం మామ హాయిగా వల వేశాడు కనుక ఇదంతా నవ్వుతూనే రాస్తున్నాను. అది మా అత్త చలవ. పెద్దల ముందు ఆడవాళ్ళు నోరెత్తని ఆ కాలంలో, మరుసటి ఏడు చీటీలు తీసే రోజున ఆవిడ పసుపు మరకలతోనే పతకాన్ని తెచ్చి కులపెద్ద ఒళ్ళో పెట్టింది.

"మావా, అంత ముచ్చటగా ఉంటే ఇది నువ్వే పెట్టుకోని కూర్చో. మా ఆయన వంతు మా ఆయనకియ్యి."