బావ చేతి రిమోట్

మా బావ పోయాడు. మా అక్క భర్త, చిత్తూరు కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. పొద్దున నేను మామిడికాయల యార్డులో నా మండీ షట్టరు ఎత్తుతుండగా అక్క ఫోన్ చేసింది. "రేయ్, మీ బావ లేస్తా లేడురా. కాఫీ పెట్టింది పెట్టినట్టే చల్లారిపాయ. నువ్వు బిన్నా రా," అంది. గొంతులో ఏడుపు లేదు. నేను వెళ్ళేసరికి వీధి చివరి డాక్టరు వచ్చి చూసి వెళ్ళిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిందట.

ఇప్పుడు చెప్పబోయేది వింటే మీరు నన్ను తిట్టుకుంటారు. బావను హాల్లో పడుకోబెట్టారు. కాళ్ళకు మొక్కి లేస్తూ నేను ఫ్రిజ్ మీదికి చూశాను. ఆయన పాత రేసు బండి అక్కడే ఉంది, పక్కనే దాని రిమోట్. ఇప్పుడు ఇవి ఎవరికి పోతాయి అన్నదే నాకు వచ్చిన మొదటి ఆలోచన. నేను ఐసుపెట్టె తేవడానికి వెళ్ళి వచ్చేలోగా తిరుపతి నుంచి బావ స్నేహితుడు, మేము శ్రీసిటీ ఆయన అనే మనిషి, దిగిపోయాడు. బావ కాళ్ళ దగ్గర, నేను కూర్చోవలసిన చోట కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. సొంత బామ్మర్దిని నేనుండగా ఆయనకు అంత ఏడుపేమిటని నాకు కడుపు మండింది. బతికున్నన్నాళ్ళూ బావ వల్ల నాకు ఉన్నది ఆ మంటే, పోయాకా అదే మిగిలింది.

బండి అంటే స్కూటరో కారో అనుకోకండి. మోచేయంత పొడవుండే చిన్న కారు, రిమోట్‌తో నడిచేది. అలాగని అంగట్లో పిల్లలకు కొనిచ్చే బొమ్మా కాదు. ట్రిగ్గర్ గట్టిగా లాగితే కుక్కలు కూడా తరమలేవు. చెన్నైలో ఒక షాపు మూసేస్తుంటే బావ గాజు బీరువాలోంచి తీయించి తెచ్చుకున్నాడు. రిటైరవుతున్న మనిషి ఒళ్ళో ఆ డబ్బా పెట్టుకుని చెన్నై బస్సు దిగితే మా అక్క నవ్వాలో తిట్టాలో తెలియక, "ఇదేంది, మనవళ్ళు పుట్టకముందే బొమ్మలా?" అంది. బావ డబ్బాను తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద పెట్టాడు. నాతో మాత్రం అన్నాడు: "ఆ కోర్టులో ఏదీ కదల్దు బామ్మర్దీ. తాత ఏసిన కేసుకు మనవడు వాయిదాకొస్తా ఉంటాడు. కదిలేది ఒక్కటన్నా సూడకపోతే మనిషికి తుప్పు పడతాది."

దాన్ని తోలడానికి చోటు నాదే. సీజన్‌లో మా యార్డు నిండా తోతాపురి కుప్పలే, కాలు పెట్టే సందు ఉండదు. కాయ అయిపోయాక కడిగిన సిమెంటు నేల విశాలంగా, నున్నగా పడి ఉంటుంది. ఆదివారం పొద్దున బావ వచ్చేవాడు. కాయలు నింపే ప్లాస్టిక్ క్రేటు ఒకటి బోర్లించి దాని మీద కూర్చునేవాడు. తువ్వాలు అంచుతో నాలుగు చక్రాలూ తుడిచి, బండి నెత్తిన వేలి ముణుకుతో ఒకసారి తట్టి వదిలేవాడు. అది కాటా దాకా పోయి, కాటా చుట్టూ తిరిగి, సిమెంటు మీద రబ్బరు కాలిన వాసన వదులుతూ తిరిగి వచ్చేది. యార్డు నాది, గేటు తాళం నాది. రిమోట్ మాత్రం ఆయనది.

"బావా, ఒక్కసారి ఇయ్యి," అనేవాణ్ణి.

"ఇంకొక్క రౌండు బామ్మర్దీ," అనేవాడు. కళ్ళు బండి మీదే.

ఆ రౌండు తర్వాత ఇంకో రౌండు. అంతలో బ్యాటరీ అయిపోయేది. "అయిపాయనే! వచ్చే ఆదివారం సూస్తాంలే," అని బండిని సంచిలో పెట్టేవాడు. కోర్టు వాసన పోలేదు ఆయనకు, నాకు వాయిదా వేసేవాడు. అక్కతో చెప్పుకుంటే, "నీ చెయ్యి తొందరంట, బండి బోర్లా పడేస్తావంట," అంది. ఆయన నాతో అనని మాట అక్కతో అన్నాడని అదొక పుండు.

కొన్నేళ్ళకు అదే కంపెనీ అదే బండిని కొత్తగా తయారుచేసి వదిలింది. ఫోన్‌లో చూసిన రోజే తెప్పించుకున్నాను. ఎందుకంటే ఇష్టం కొంత, కుళ్ళు చాలా. పాతదానికి వెనక చక్రాలకే బలం, కొత్తదానికి నాలుగింటికీ. పాతదాని మోటరులో బొగ్గు బ్రష్షులు అరిగిపోతుంటాయి, నాలుగు రౌండ్లకు వేడెక్కి విశ్రాంతి అడుగుతుంది. కొత్తదాని మోటరుకు బ్రష్షులే లేవు, వానలో తోలినా తుమ్మదు. పాత రిమోట్‌కు చేపల గాలమంత ఏరియల్, పక్కింటోడు వెల్డింగ్ చేస్తుంటే బండి బిత్తరపోయేది. కొత్తదానికి ఆ బాధ లేదు. అన్నిటికంటే గొప్పది, కొత్త బండి లోపల ఏదో బుద్ధి పెట్టారు. వంకరలో జారబోతే అదే స్టీరింగ్ సర్దుకుని తిన్నగా నిలబడుతుంది. వేగం నూరు దాటుతుందని డబ్బా మీదే అచ్చేశారు.

మొదటి ఆదివారమే పందెం పెట్టాను. బావ బండి సగం యార్డు చేరకముందే నాది కాటా తాకి తిరిగి వస్తోంది. ఇన్నాళ్ళ మంట చల్లారిందనుకుని బావ మొహం చూశాను. ఆయన క్రేటు మీద నుంచి లేచి చప్పట్లు కొడుతున్నాడు. "అబ్బ! ఏం పోతాదిరా ఇది! సూడండప్పా, మా బామ్మర్ది బండి సూడండి!" అని మా హమాలీలందరినీ కేకేసి పిలిచాడు. రవ్వంత కూడా కుళ్ళు లేదు ఆ గొంతులో. ఆయన కూడా ఒక్కపూట నాలాగా ఏడ్చి ఉంటే నాకు గెలిచినట్టు ఉండేది.

పైగా ఆ హమాలీలు నా బండిని ఒకసారి చూసి, "బాగుండాదన్నా," అని, పాత బండి తిరుగుతుంటే మాత్రం బీడీలు ఆర్పి మరీ నిలబడి చూశారు. వంకర తిరిగేటప్పుడు అది రెండు చక్రాల మీద లేచేది, ఇప్పుడు పడిందిరా అనుకునేలోగా బావ బొటనవేలు కదిలేది, మళ్ళీ నేలకు ఆనేది. అందరూ ఒక్కసారి ఊపిరి వదిలేవాళ్ళు. నా బండి పడదని అందరికీ తెలుసు, పడని దాన్ని ఎంతసేపని చూస్తారు? బావే ఒకసారి అన్నాడు: "తప్పు సేస్తే నీ బండి సర్దుకుంటాది. నా బండి ఊరందరికీ సెప్తాది." పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. కొత్త బండి చేతిలో పెట్టుకుని నేను పాతదాని వైపే చూస్తూ నిలబడేవాణ్ణి.

ఆయుధపూజ నాడు మా అక్క ఇంట్లో స్కూటరుతో పాటు ఈ రెండింటికీ పూజ. "బండి అన్నాక బండే," అని అక్క రెండింటికీ పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. నా బండి నాలుగు చక్రాలతో నాలుగు కాయలనూ పచ్చడి చేసి దర్జాగా గేటు దాటింది. బావ బండి వెనక చక్రాలు నిమ్మకాయ మీద గిర్రున తిరిగి, ఆ కాయ ఎగిరి హారతి పళ్ళెంలో పడింది. వీధంతా నవ్వు. ఆ ఏడంతా మా చుట్టాలు ఎక్కడ కలిసినా ఆ నిమ్మకాయ మాటే. నా బండి శాస్త్రప్రకారం తొక్కిన కాయల గురించి ఒక్కరూ ఎత్తలేదు.

ఆ తర్వాత పాత బండి గేరు పళ్ళు విరిగాయి. ప్లాస్టిక్ గేరు. కంపెనీ వాళ్ళు కొత్త రకం వచ్చాక పాతదాని సామాన్లు చేయడం మానేశారు. "ఇంక దాని పని అయిపాయ బావా. నాలాంటిది తీసుకో," అన్నాను, లోపల పండగ చేసుకుంటూ. బావ విరిగిన గేరును చొక్కా జేబులో వేసుకుని తిరిగాడు. ఎవరెవరినో అడిగితే, ఫోన్‌లో ఇలాంటి బండ్ల పిచ్చోళ్ళ గుంపు ఒకటి తగిలింది, అందులోంచి శ్రీసిటీ ఆయన తేలాడు. ఉండేది తిరుపతిలో, పని శ్రీసిటీలో ఏదో ఫ్యాక్టరీలో. ఇంట్లో సరదాకు ఒక త్రీడీ ప్రింటర్ పెట్టుకున్నాడు. విరిగినదాన్ని కొలిచి అచ్చం అలాంటి గేరే చేసి తెచ్చాడు. చచ్చిన బండి లేచింది.

అప్పటి నుంచి ఆదివారాలు నావి కాకుండా పోయాయి. తిరుపతి బస్సులో ఆయన వస్తుంటే బావ చిత్తూరులో కాచుకోలేక స్కూటరేసుకుని పూతలపట్టు దాకా ఎదురు పోయేవాడు. అక్కడ ఇద్దరూ టీ తాగి, గేర్ల గురించి మాట్లాడుకుంటూ వచ్చేవాళ్ళు. నా కోసం బావ వీధి చివరికి కూడా ఎప్పుడూ రాలేదు. ఆయన్ను "తమ్ముడూ" అని పిలిచేవాడు. ఒకరోజు, గేరు సరిగా కూర్చుందో లేదో చూడమని, నా కళ్ళ ముందే ఆ రిమోట్ తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆ రోజు నేను అన్నం తినలేదని మా ఆవిడ సాక్ష్యం చెబుతుంది.

అన్నీ కుళ్ళే చెబుతున్నాను, ఒకటి చెప్పకపోతే పాపం తగులుతుంది. మా నాయన పోయిన ఏడు నేను మండీ తెరవడమే మానేసి ఇంట్లో పడుంటే, రోజూ వచ్చి నన్ను లేపింది బావే. ఓదార్పు మాటలు ఏమీ చెప్పలేదు. "లెయ్. యార్డు తాళం నీ దగ్గరే ఉండాది, నా బండి యాడ తోలుకోవాల?" అనేవాడు. తాళం తీయడానికి వెళ్ళినవాణ్ణి అలాగే మండీ తెరిచేవాణ్ణి. ఆ బండి లేకుంటే నేను ఆ ఏడు ఎలా గడిపేవాణ్ణో నాకు తెలియదు.

కర్మలన్నీ అయిన మర్నాడు అక్క మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టింది. ఫ్రిజ్ మీది రెండు వస్తువులూ దించి, బండిని శ్రీసిటీ ఆయన ఒళ్ళో, రిమోట్‌ను నా ఒళ్ళో పెట్టింది.

"అక్కా, ఇవి విడదీస్తే రెండూ పనికిరావు," అన్నాను. నా గొంతు పెరిగింది. "ఒకటి ఈడ, ఒకటి తిరుపతిలోనా? నా కొత్త రిమోట్ దీనికి పనిచెయ్యదు."

"నాకేం తెలీదనుకుంటివా?" అంది అక్క. "మీ ఇద్దురి మొకాలూ ఇన్నేండ్లు సూడలేదా నేను? మా మామోళ్ళు అన్నదమ్ములు తోటలు పంచుకున్నారు, బావి పంచుకోలే. మోటరు ఒకరి కయ్యలో, స్టార్టరు ఇంకొకరి కొట్టంలో. నీళ్ళకోసరమన్నా ఒకరింటికి ఒకరు పోవాల గదా అని పెద్దోళ్ళు అట్ల పెట్టినారు. కోర్టుకు పోలే వాళ్ళు. మీ బావ ఈ మాట పదిమందికి సెప్తా ఉండె." కొంగుతో బండి మీది దుమ్ము తుడిచింది. "పొండి ఇంక."

నేను లేచి వచ్చేశాను. రిమోట్ ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టాను. ఇన్నేళ్ళు అడిగినది చేతికొచ్చింది, తోలడానికి బండి లేదు. శ్రీసిటీ ఆయన తలుచుకుంటే ఆ బండిలో వేరే రిసీవర్ పెట్టుకుని వేరే రిమోట్‌తో తోలుకోగలడు. ఇప్పటికే తోలుకుంటున్నాడేమోనని ఊహించుకుని ఒళ్ళు మండించుకున్నాను. చివరికి నేనే ఫోన్ చేశాను.

మొన్న ఆదివారం ఆయన వచ్చాడు. నేను పూతలపట్టు దాకా ఎదురు వెళ్ళలేదు, బస్టాండు దాకా మాత్రం వెళ్ళాను. బండిని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని దిగాడు.

"వేరే రిమోట్ పెట్టుకోలేదా?" అన్నాను.

"మారిస్తే ఆయన బండి కాకుండా పోతాదన్నా." ఆ మాట నేను అనాల్సింది, ఆయన ముందే అనేశాడు. స్కూటరెక్కాక వెనక నుంచి మళ్ళీ అన్నాడు: "ఒకటి సెప్తా, ఏమనుకోవద్దు. పూతలపట్టు నుంచి చిత్తూరు దాకా ఆయన మాట్లాడేది మీ కొత్త బండి గురించే. మా బామ్మర్ది బండి అట్ల పోతాది, ఇట్ల పోతాది అని. నా గేరు గురించి ఒక్క మాట ఉండదు. నాకు మీరంటే పడేది కాదన్నా."

"రిమోట్ నీకిచ్చినాడు గదప్పా!"

"అర్ధ రౌండు. గేరు సప్పుడు విని, మళ్ళా లాక్కున్నాడు."

యార్డు ఖాళీగా ఉంది. బావ క్రేటు గోడ దగ్గర బోర్లించినట్టే ఉంది. దాని మీద ఎవరం కూర్చోలేదు. శ్రీసిటీ ఆయన చక్రాలు తుడిచి బండిని నేల మీద పెట్టాడు. నేను ఏరియల్ లాగాను. రిమోట్ మీద బండిని మలిపే చిన్న చక్రానికి చుట్టిన స్పాంజి ఒకచోట గుంటపడి ఉంది. బావ బొటనవేలు ఆనే చోటు. నా వేలు అందులో కూర్చుంది.

ట్రిగ్గర్ లాగాను. బండి గిర్రున తిరిగి నా వైపే మొహం పెట్టి ఆగిపోయింది. నా తప్పు ఊరందరికీ చెప్పింది. ఆయన నవ్వలేదు. "మెల్లిగా అన్నా," అన్నాడు. మళ్ళీ లాగాను. ఈసారి పోయింది. కాటా దగ్గర రెండు చక్రాల మీద లేచింది, వేలు దానంతటదే కదిలింది, బండి నేలకు ఆనింది. ఇన్నేళ్ళు పక్కన నిలబడి చూసినదంతా నా చేతికి తెలుసని నాకే తెలియదు.

ఎన్ని రౌండ్లు తిప్పానో. పక్కన ఆయన చెయ్యి చాపి ఉన్నాడు.

"అన్నా, ఒక్కసారి ఇయ్యి."

"ఇంకొక్క రౌండప్పా," అన్నాను, కళ్ళు బండి మీదే.

అన్నాక నా మాట నాకే వినిపించింది. బావ ఇవ్వనిది నా చెయ్యి తొందరని కాదు. ఇవ్వబుద్ధి కాలేదు, అంతే. శ్రీసిటీ ఆయనకూ వినిపించినట్టుంది, చాపిన చెయ్యి వెనక్కి తీసుకోకుండా కళ్ళు తుడుచుకున్నాడు. బండి కాటా చుట్టూ తిరిగి, రబ్బరు కాలిన వాసనతో, ఖాళీ క్రేటు వైపు తిన్నగా వస్తోంది.