బస్సు డ్రైవరు చెప్పిన ఎర్రమట్టి పాఠం

అరవై నాలుగో ఏట నేను కారు నడపడం నేర్చుకున్నాను. నేర్పినాయన మా యూనివర్సిటీ బస్సు డ్రైవరు. ఇద్దరం రిటైరయ్యాకే మాకు అసలు పరిచయం మొదలైంది.

అంతకుముందు ఎరగనని కాదు. నేను భూగర్భశాస్త్రం చెప్పేదాన్ని. ఏటా పిల్లల్ని ఫీల్డుకి తీసుకెళ్లేదాన్ని, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకీ, అనంతగిరి ఘాటుకీ. ఇరవై ఏళ్లకు పైగా ఆ బస్సు ఆయనే నడిపారు. నేను డ్రైవరు వెనక సీట్లో కూర్చునేదాన్ని. ఖాకీ చొక్కా, అద్దంలో సగం కనిపించే మీసం, ఆయన గురించి నాకు తెలిసింది అంతే. "బయల్దేరదామా డ్రైవర్", "ఇక్కడ ఆపు డ్రైవర్". మా మధ్య మాటలు కూడా అంతే.

రిటైరైనవాళ్ల సంఘం ఒకటుంది మాకు. క్యాంపస్‌లో ఒక పాత రీడింగ్ రూములో శనివారం ఉదయం కలుస్తాం. పేరుకి అధ్యాపకులు, సిబ్బంది అందరిదీ. కానీ మొదట్లో జరిగేది వేరు. ప్రొఫెసర్లం ముందు వరుసలో కూర్చుని, పాత నోట్సు దులిపి ఒకరికొకరం ఉపన్యాసాలిచ్చుకునేవాళ్లం. గుమాస్తాలు, ల్యాబ్ అటెండర్లు, డ్రైవర్లు వెనక గోడ దగ్గర కూర్చుని, టిఫిన్ అవగానే మర్యాదగా నమస్కారం పెట్టి వెళ్లిపోయేవారు. ఒకసారి ఫిజిక్స్ ప్రొఫెసరొకాయన రెండు గంటలు మాట్లాడారు. ఆయన ముగించాక చప్పట్లు కొట్టడానికి మెలకువగా ఉన్నది నలుగురమే.

మా కార్యదర్శి పరీక్షల విభాగంలో సూపరింటెండెంటుగా చేసిన ఆవిడ. ఆ తర్వాతి శనివారం ఆవిడ వచ్చీ రాగానే అందరికీ తలో చీటీ పంచింది.

"రెండే ప్రశ్నలు. మీరు ఏం నేర్పగలరు? మీకేం నేర్చుకోవాలనుంది? ఉద్యోగానికి సంబంధించిందే రాయక్కర్లేదు. పది నిమిషాలు టైము. పక్కవాళ్ల పేపర్లోకి తొంగి చూడకండి," అంది.

ముప్ఫై నలభై ఏళ్లు పరీక్షలు పెట్టినవాళ్లం, ఆ రోజు పెన్ను నోట్లో పెట్టుకుని పైకప్పు చూస్తూ కూర్చున్నాం. తర్వాత ఆవిడ చీటీలన్నీ పోగుచేసి పైకి చదివింది. కెమిస్ట్రీ ప్రొఫెసరుకి సాంబారు చెయ్యడం నేర్చుకోవాలనుంది. లైబ్రరీ అటెండరు పుస్తకాలు బైండు చెయ్యడం నేర్పగలడు. గది నిండా నవ్వులు. నా చీటీలో "నేర్చుకోవాలనుంది: కారు నడపడం" అని ఉంది. ఆ తర్వాత నాలుగైదు చీటీలకి ఇంకొకటి వచ్చింది. "నేర్పగలను: బండి." అంతకు మించి ఒక్క అక్షరం లేదు.

"ఎవరిదిది?" అంది కార్యదర్శి.

వెనక గోడ దగ్గర ఒక చెయ్యి సగం లేచింది. పక్కనున్న ల్యాబ్ అటెండరు ఆ చేతిని పట్టుకుని పూర్తిగా పైకెత్తాడు. "మా బావదేనండి! సిగ్గుపడతన్నాడు."

కారు మాకు ఉంది. నడిపేవాళ్లే లేరు. మావారు స్టీల్ ప్లాంటులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. రెండేళ్ల కిందట కళ్లకి నీటికాసులు అని తేల్చి, డాక్టరు ఇక డ్రైవింగ్ వద్దన్నారు. అప్పట్నించి కారు అపార్ట్‌మెంటు సెల్లారులో కవరు కప్పుకుని ఉంది. అమ్మేద్దామని ఈయనంటే నేనే వద్దన్నాను. ఆటో కోసం ఎండలో నిలబడ్డప్పుడల్లా, ఇన్నేళ్లూ నేనెందుకు నేర్చుకోలేదా అని నామీద నాకే కోపమొచ్చేది.

మర్నాడు ఉదయం ఆరింటికల్లా డ్రైవరు గారు మా సెల్లారులో ఉన్నారు. ఖాకీ లేదు, తెల్ల చొక్కా. బ్యాటరీ చచ్చిపోయి ఉంటే మెకానిక్కుని కూడా వెంటబెట్టుకొచ్చారు. కారుని యండాడ దగ్గర ఒక ఖాళీ లేఅవుటుకి తీసుకెళ్లి, నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టారు. మావారు వెనక సీట్లో కూర్చున్నారు.

మొదటి పావుగంటలో మావారు నాకు ఇచ్చిన సలహాలు మా పెళ్లయ్యాక మొత్తం ఇచ్చినవాటికన్నా ఎక్కువ. "క్లచ్! క్లచ్! అబ్బ, గేరు మార్చవేం?" అంటూనే ఉన్నారు.  డ్రైవరు గారు వెనక్కి తిరిగి చేతులు జోడించారు.

"సార్‌గోరూ, ఆ మూలని టీ బాగుంటాదండి. తమరలా దిగి ఒక కప్పు తాగొచ్చేత్తే మేవిక్కడ ఓ రెండు రౌండ్లు కొట్టేత్తాం."

మావారు దిగి వెళ్లారు. ఆ తర్వాత రోజుల్లో ఆయన అడగకుండానే ముందే దిగిపోయి టీ కొట్టు దగ్గర నిలబడేవారు.

నాకు నేర్పడం డ్రైవరు గారికి సులువేం కాలేదు. ప్రొఫెసరమ్మని కసరడానికి ఆయనకి నోరు రాదు. నేను తిన్నగా లేఅవుటు గోడ మీదకి పోనిస్తుంటే చాలా నెమ్మదిగా, "మేడమ్‌గోరూ, ఆ గోడ మనకన్నా ముందునించీ అక్కడే ఉందండి," అన్నారు. బ్రేకు ఆయన మాటకన్నా ఆలస్యంగా పడింది. బంపరు కాస్త సొట్టపోయింది.

"ఇలా అయితే నాకు రాదు. నన్ను తిట్టండి," అన్నాను.

"అమ్మో, నానెలా తిడతానండి?"

"మీరు మా పిల్లల్ని బస్సులో తిట్టేవారు కదా, తలలు బయట పెడుతున్నారని. అలాగే తిట్టండి. ఇవాళ్టినుంచి మీరు నాకు మేష్టారు."

నేనలా అనగానే ఆయన సీట్లో నిటారుగా సర్దుకుని కూర్చున్నారు. తర్వాత గొంతు సవరించుకుని, "సరే, అయితే కాలెత్తండి క్లచ్ మీంచి! ఏటది, పరుపేటి, కాలేసి తొంగోడానికి?" అని అరిచారు. ఆ రోజే నాకు కారు మొదటిసారి కుదుపు లేకుండా కదిలింది.

రెండు నెలల్లో లైసెన్సు వచ్చింది. మొదటిసారి పరీక్షలో వెనక్కి తిప్పుతూ గీత తొక్కాను. రెండోసారి పాసయ్యాను. నా జీవితంలో సప్లిమెంటరీ రాసింది ఆ ఒక్క పరీక్షకే.

ఆ ఏడు వర్షాలు తగ్గాక సంఘం ఎర్రమట్టి దిబ్బలకి ఒక పూట ప్రయాణం పెట్టుకుంది. అక్కడ నేను పాఠం చెప్పాలి. అందరికీ మినీ బస్సు మాట్లాడారు. నేను మాత్రం మావారిని పక్కన కూర్చోబెట్టుకుని నా కారులో వస్తానన్నాను. మేష్టారు పక్కన లేకుండా అంత దూరం వెళ్లడం అదే మొదలు. తోడు వస్తానన్నారు కానీ నేనే వద్దని ఆయన్ని బస్సెక్కించాను. ప్రయాణికుడిగా కూర్చోవడం ఆయనకి బొత్తిగా చేతకాలేదనీ, దారంతా కుడికాలు నేలకేసి నొక్కుతూనే ఉన్నారనీ తర్వాత కార్యదర్శి చెప్పింది.

యండాడ ఎత్తు మీద సిగ్నలు పడింది. వెనక లారీ, పక్కన ఫార్మా కంపెనీ బస్సు. పచ్చ దీపం వచ్చింది, నా కారు ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేస్తే వెనక్కి జారింది. హారన్లు మోగాయి. ఒక ఆటో అతను తల బయటికి పెట్టి, "అమ్మా, ఎనక్కెల్తారా, ముందుకెల్తారా? ఏదోటి సెప్పండమ్మా!" అన్నాడు.  మావారు నోరు తెరిచి, నా మొహం చూసి, మూసేసుకున్నారు. మేష్టారు చెప్పినట్టు హ్యాండ్ బ్రేకు లాగి, ఊపిరి పీల్చుకుని, ఇంజను గుర్రుమనేదాకా ఆగి, బ్రేకు వదిలాను. కారు ఎక్కింది. ఆటో అతను చెయ్యెత్తి సలాం కొట్టాడు. కానీ ఎత్తు దిగాక పక్కకి ఆపుకుని, సీసాడు నీళ్లు తాగి తేరుకునేదాకా కూర్చోవాల్సి వచ్చింది. అరగంటకి పైగా ఆలస్యమైంది.

దిబ్బల దగ్గర కారు పెట్టి, గబగబా నడుచుకుంటూ జీడిమామిడి తోపు దాటేసరికి ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు. మా వాళ్లంతా అర్ధచంద్రంలా నిలబడ్డారు. మధ్యలో మా డ్రైవరు మేష్టారు, దోసిట్లో ఎర్రటి ఇసుకతో.

"ఇది మట్టి కాదండి, ఇసక. గాలి తెచ్చింది. ఒకప్పుడు సముద్రం ఇంత దగ్గర్లో నేదు, బాగా ఎనక్కెల్లిపోయుండేది. ఆరిపోయిన ఇసకంతా గాలెత్తుకొచ్చి ఇక్కడ పోసింది. వేల ఏల్లు పట్టిందండి. మరి ఎర్రగా ఎందుకుంది?"

ఇక్కడ ఆయన ఆగారు. కళ్లజోడు పైకి తోసుకున్నారు. అందరి మొహాలూ ఒకసారి చూశారు.

"మీ ఇంటి గేటు వానలో తడిత్తే ఏటవుద్ది? తుప్పడతాది. ఈ ఇసకలో ఇనుం ఉంది. దీనికీ తుప్పట్టింది. అంతేనండి."

నేను తోపు అంచునే నిలబడిపోయాను. అది నా పాఠం. ఆ గేటు ఉదాహరణ నాది. ఆగడం, కళ్లజోడు తోసుకోవడం కూడా నావే. పిల్లల్ని లోపలికి తీసుకెళ్లే ముందు అక్కడే ఈ పాఠం చెప్పేదాన్ని; ఇరవై ఏళ్లు పిల్లల వెనక నిలబడి ఆయన ప్రతిసారీ విన్నారు. వింటున్నారన్న సంగతే నాకు తెలియదు.

ఆయన నన్ను చూసి కంగారుగా దోసిట్లో ఇసుక వదిలేశారు. "మేడమ్‌గోరు వచ్చేసేరు. మీరు లేటయ్యేరని, అందరూ సెప్పమంటే..."

"ఆపకండి మేష్టారూ. కానివ్వండి," అన్నాను.

అప్పుడు సివిల్ ఇంజనీరింగ్ చెప్పిన ప్రొఫెసరు గారొకాయన వాన నీటికి కోసుకుపోయిన లోతైన పాయల్ని చూపించి, "ఏడాదికి ఎంత కోసుకుపోతుంది ఈ ఒడ్డు?" అని అడిగారు. ఆయన అడిగింది నన్నే. "లెక్కగా చెప్పాలంటే చాలా ఏళ్లు వరసగా కొలవాలండి. అంత పని మేం..." అని నేను నసుగుతుంటే, మేష్టారు మెల్లిగా అన్నారు.

"నాను కొలిసేనండి."

అందరం ఆయన వైపు తిరిగాం.

"మీరు పిల్లల్తోటి లోపలికెల్తే మజ్జాన్నం దాకా రారు కదండి. నానేటి సెయ్యాలి? ఇదుగో, ఈ మూలని ఒక జీడిమామిడి సెట్టుండేది. దాని నీడలో తొంగునేవోణ్ణి. తొలీత వచ్చినేడు సెట్టుకీ ఒడ్డుకీ పదకొండడుగులు. బస్సుకి ఇంజను మార్చినేడు ఎనిమిది. పెద్ద తుఫానొచ్చిన తర్వాతేడు మూడే. ఆ మీదటేడు వచ్చేసరికి సెట్టు కిందన పడుంది. అప్పుణ్ణించి ఆ తాటిసెట్టుకాణ్ణించి కొలుత్తన్నాను. అప్పుడు పద్నాలుగు."

వెళ్లి ఆ తాటిచెట్టుకి వీపు ఆనించి నిలబడి, అడుగులో అడుగు వేసుకుంటూ ఒడ్డు దాకా నడిచి చూపించారు. తొమ్మిది. ప్రొఫెసరు గారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, "మళ్లీ చెప్పండి, మొదటి ఏడాది ఎన్నన్నారు?" అని రాసుకోవడం మొదలుపెట్టారు.

నాకు సంతోషమూ వేసింది, సిగ్గూ వేసింది. నేను ప్రతి ఏడూ అదే చోట నిలబడి అదే పాఠం చెప్పాను. ఒడ్డు జరుగుతోందని పుస్తకంలో ఉన్నమాటే చెప్పాను గానీ అడుగులు పెట్టి చూడలేదు. తిరిగొచ్చేటప్పుడు మేష్టార్ని నా కారు ఎక్కించుకున్నాను. మావారు వెనక్కి మారారు.

"ఇన్నేళ్లలో ఒక్కసారైనా నాకు చెప్పొచ్చు కదా," అన్నాను.

"మీరడగనేదు కదండి," అన్నారాయన, మామూలుగా. నిష్ఠూరమేమీ లేదు ఆ గొంతులో. వెంటనే, "మూడో గేరెయ్యండి, ఏటాలోసిత్తన్నారు?" అని కసిరారు.

ఆ తర్వాత మా శనివారాలు మారాయి. వెనక గోడ దగ్గర కుర్చీలు ఇప్పుడు లేవు, గుండ్రంగా వేసుకుంటున్నాం. లైబ్రరీ అటెండరు దగ్గర నా పాత పుస్తకాలు నేనే బైండు చేసుకున్నాను. కెమిస్ట్రీ ప్రొఫెసరు సాంబారు మూడో వాయికి తినేలా వచ్చింది. ఒడ్డు కొలతల మీద మేష్టారి చేత అందరి ముందూ మాట్లాడించాలని కార్యదర్శి పట్టుబట్టింది. ఆయన నెల రోజులు తప్పించుకుని, చివరికి ఒప్పుకున్నారు.

ఆ రోజు వాళ్లావిడ కూడా వచ్చారు. పరవాడ వైపు పల్లెటూరి మనిషి, మా గదికి రావడం అదే మొదలు. నా పక్కన కూర్చున్నారు. భర్త గంటసేపు బోర్డు మీద తాటిచెట్టు బొమ్మ వేసి, గీతలు గీసి, ప్రశ్నలకి జవాబులు చెబుతుంటే నోరు తెరుచుకుని చూశారు.

"ఇంటికాడ ఏటడిగినా ఊ, ఉహూ, అంతేనమ్మా ఈయన," అన్నారు నా చెవిలో. "ఇక్కడేటి ఇలా మాటాడేత్తన్నారు?"

"ఆయన నాకు కారు నేర్పేటప్పుడూ ఇంతేనండి. ఆపరు," అన్నాను.

ఆవిడ గిరుక్కున తిరిగారు. "ఆడోల్లకి కారు నేర్పుతారా ఈయన?"

నేను ఔనని తలూపేలోపే ఆవిడ లేచి నిలబడ్డారు. ప్రశ్నల సమయం ఇంకా ఉందనుకుని కార్యదర్శి, "అడగండమ్మా," అంది.

"ఊరందరికీ నేర్పుతారంట. మరి నాకెప్పుడు?"

గది గొల్లుమంది. ల్యాబ్ అటెండరు, "సెప్పు బావా, సెప్పు!" అని బల్ల చరిచాడు. మేష్టారు చేతిలో సుద్దముక్క పట్టుకుని, ఆవిడ వైపే చూస్తూ, "రేపు పొద్దున్న ఆరింటికి," అన్నారు.

ఆవిడ మా కారు మీదే నేర్చుకుంటున్నారు. ఇప్పటికి రెండో గేరు దాకా వచ్చారు. ఆ లేఅవుటులో తిట్లు మాత్రం మేష్టారే తింటున్నారు.