తలుపులు మూసే అబ్రహాం

మా ఇంట్లో తలుపు తీసి, మూయకుండా పోవడం కంటే పెద్ద నేరం లేదు. పాలు పొంగిపోతే బాపు, అంటే మా నాన్న, ఏమీ అనడు. నేను ఇంటర్ లెక్కల్లో తప్పినప్పుడు కూడా రెండు రోజులు మూతి ముడుచుకుని ఊరుకున్నాడు. వంటింటి తలుపు ఓరగా ఉంటే మాత్రం కంచం ముందు నుంచి లేచి వచ్చి, మూసి, గొళ్ళెం పెట్టి, పడిందో లేదో రెండుసార్లు తోసి చూసి గాని మళ్ళీ ముద్ద నోట్లో పెట్టుకోడు. మా అవ్వ, నన్ను కన్న తల్లి రిబ్కమ్మ, బతికున్నన్నాళ్ళూ ఈ విషయంలో ఆయనతో పోట్లాడుతూనే ఉంది. కొత్త చుట్టాలు దొంగల భయమనుకుంటారు. మా ఇంటికి దొంగ వస్తే వాడే జాలిపడి ఏదో ఒకటి పెట్టిపోవాలి, అంత ఆస్తి మాది.

బాపు పేరు అబ్రహాం. డెబ్బై ఏళ్ళు. ఊరు మందమర్రి. నేవీలో ఇరవై రెండేళ్ళు చేస్తే అందులో పద్దెనిమిది జలాంతర్గాముల్లోనే గడిచాయి. మా తాత బొగ్గుబాయిలో దిగి బతికాడు, బాపు సముద్రంలో మునిగి బతికాడు. ఈ ఇంట్లో భూమ్మీద గాలి పీల్చుకుంటూ జీతం తెచ్చిన మొదటిదాన్ని నేనే, క్యాథరిన్ టీచర్ని. ఆ మాట అన్నప్పుడల్లా బాపు నవ్వుతాడు గాని, నవ్వుతూనే లేచి వెళ్ళి తలుపు చూసి వస్తాడు.

జలాంతర్గామి అనేది పత్రికల వాళ్ళ మాట. వీళ్ళు బోటు అంటారు. బాపు చేసిన బోటులో ఏడు ఇనుప గదులు ఉండేవి. గదికీ గదికీ మధ్య ఒక గుండ్రటి తలుపు. ఒక గదిలోకి నీళ్ళు వచ్చినా, నిప్పు పుట్టినా ఆ తలుపు వెంటనే బిగించాలి. లోపల ఎవరున్నా సరే, హుకుం వచ్చేదాకా తీయకూడదు. అవతల మనుషులు ఉన్నారో లేరో తెలుసుకోవడానికి గోడ మీద మూడు దెబ్బలు కొడతారు. బతికున్నవాళ్ళు తిరిగి మూడు దెబ్బలు కొట్టాలి. దెబ్బ రాకపోతే అవతల మనిషి లేడని లెక్క.

రిటైరై వచ్చాక కరీంనగర్, ఆదిలాబాద్ వైపున్న పాత బోటు మనుషులంతా ఒకరినొకరు వెతుక్కున్నారు. పదకొండు మంది తేలారు. ఏటా నేవీ వాళ్ళ జలాంతర్గామి దినం, డిసెంబరు ఎనిమిదిన, మందమర్రిలో మా మెథడిస్టు చర్చి ఆవరణలో కలిసేవారు. చర్చికి పెద్ద గంట కొనే స్తోమత లేని రోజుల్లో ఎవరో బాయి నుంచి తెచ్చి వేలాడదీసిన రైలు పట్టా ముక్క ఇప్పటికీ మా చర్చి గంట. వీళ్ళకు అదే కావలసి వచ్చింది. బాపు ఒక్కో గది నంబరు చెప్పి, ఆ గదిలో పనిచేసి పోయినవాళ్ళ పేరు పిలిచి, పట్టా మీద సుత్తితో మూడు దెబ్బలు కొడతాడు. పోయినవాళ్ళ తరఫున ఇంటివాళ్ళో పక్క గది వాళ్ళో ముందుకొచ్చి తిరిగి మూడు కొట్టాలి. హిందువైనా క్రైస్తవుడైనా ఒకటే పద్ధతి. తర్వాత మేక పేగుల బోటీ కూర, అన్నం. ఇంత చిన్న సంగతి.

నాలుగో గదికి వచ్చేసరికి ప్రతి ఏడూ బాపు ఒకసారి గేటు వైపు చూసేవాడు. ఆ గది వంటమనిషి రామచంద్రం కాకది. జమ్మికుంట వాడు. ఆయన భార్య బాలలక్ష్మి బస్సు మారి వచ్చేది. చేతిసంచిలోంచి పొడుగాటి ఇనుప గంటె తీసి, దానితోనే పట్టా మీద మూడు దెబ్బలు కొట్టేది. సుత్తి ఇస్తామన్నా తీసుకునేది కాదు.

మూడేళ్ళుగా మా వాళ్ళు తగ్గిపోయారు. పదకొండు మందిలో అయిదుగురు మిగిలారు. వేములవాడ బుచ్చిరాములు పెదనాయనకు మోకాళ్ళు పనిచేయవు, బస్సెక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి. అలాంటి సమయంలో కరీంనగర్ నుంచి మాజీ సైనికుల ఐక్య వేదిక అధ్యక్షుడు సాగర్ వచ్చాడు. మిలిటరీ స్టోర్సులో ఆరేళ్ళు పనిచేసి వచ్చి, ఉపన్యాసాల్లో ఆరు యుద్ధాలు చేసే మనిషి. ఈసారి కార్యక్రమం కరీంనగర్‌లో పెద్ద ఫంక్షన్ హాల్లో చేద్దామన్నాడు. కార్లు పంపుతానన్నాడు, శాలువలన్నాడు. మీ పద్ధతి మీదే, పేర్లు మీరే చదవాలి అన్నాడు. బుచ్చిరాములు పెదనాయన మోకాళ్ళు గుర్తొచ్చి బాపు ఒప్పుకున్నాడు.

పది రోజుల ముందు అచ్చేసిన జాబితా ఇంటికి వచ్చింది. బాపు కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. తీసి, తుడిచి, మళ్ళీ చదివాడు. అయిదో గది హనుమండ్లు పేరు ఉంది. రామచంద్రం పేరు లేదు.

మరునాడు పొద్దున్నే కరీంనగర్ వెళ్ళాం. సాగర్ టీ తెప్పించి, మర్యాదగానే మాట్లాడాడు. జాబితా అమరవీరులదని, అంటే సర్వీసులో ఉండగా ప్రాణం పోయినవాళ్ళదని చెప్పాడు. రిటైరై ఇంట్లో పోయినవాళ్ళ పేర్లూ అందులో ఉన్నాయి కదా అని బాపు అడిగేసరికి అసలు మాట బయటపెట్టాడు.

"సార్, ఆయన తాగి మార్కెట్ యార్డుల పత్తి బేళ్ళ మీద పడి సచ్చిపోయిండు. జమ్మికుంట అంతకు ఎరుకే. రేపు కలెక్టరాఫీసోళ్ళు, పేపరోళ్ళు వస్తరు. గా పేరు సదివితె మిగిలినోళ్ళ ఇజ్జత్ ఏమైతది?"

బాపు టీ ముట్టుకోలేదు. లేచి నిలబడి, తాను పిలిచే పేర్లలో ఆ పేరు ఉంటుందని ఒక్క ముక్కలో చెప్పాడు. వస్తూ వస్తూ ఆ ఆఫీసు తలుపు కూడా మూసే వచ్చాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులో నాకు మొదటిసారి అసలు కథ చెప్పాడు. ఎనభై ఆరులో బోటు నీళ్ళ కింద ఉండగా అయిదో గదిలో, ఇంజన్ల దగ్గర, నూనె అంటుకుంది. అందులో బాపు, హనుమండ్లు, ఇంకొకతను. తలుపు బిగించేశారు. అదే నియమం, ఎవరి తప్పూ కాదు. నిప్పు ఆరింది గాని పొగ నిండిపోయింది. ముసుగులు పెట్టుకుని నేల మీద బోర్లా పడుకున్నారు. అప్పుడు నాలుగో గది వైపు గోడ మీద మూడు దెబ్బలు. వీళ్ళు తిరిగి కొట్టారు. మళ్ళీ మూడు. అలా ముప్పావుగంట సేపు రామచంద్రం చేతిలో ఉన్న గంటెతో కొడుతూనే ఉన్నాడట. ఆపమన్నా ఆపలేదట. తలుపు తీసేసరికి హనుమండ్లు పోయాడు, ఇద్దరు బతికారు.

"కండ్లు మూతలు వడుతుంటె వాని సప్పుడు ఇనవడేది బిడ్డా. జవాబియ్యాలె గదా అని చెయ్యి లేపేటోన్ని. గట్ల బతికిన" అన్నాడు బాపు.

అది విన్నాక నాకు రెండు వేల ఎనిమిది డిసెంబరు ఎనిమిది గుర్తొచ్చింది. ఆ రోజు నేను చర్చి దగ్గరే ఉన్నాను.

ఆ నిప్పు తర్వాత బాపుకు తలుపు తెరిచి ఉంటే ఊపిరాడదు. రామచంద్రం కాకకు తలుపు మూసి ఉంటే ఊపిరాడదు. అవతలివాళ్ళను లోపల ఉంచి తాను బయట ఉన్న మనిషి కదా. జమ్మికుంటలో ఇంట్లో పడుకోలేక మార్కెట్ యార్డులో వాచ్‌మన్‌గా చేరాడు, ఆకాశం కింద పత్తి బేళ్ళ మీద పడుకునేవాడు. తాగుడు అక్కడే మొదలైంది. బాపు జన్మలో చుక్క ముట్టని మెథడిస్టు. మొదట నచ్చజెప్పాడు, తర్వాత తిట్టాడు, తర్వాత మాట్లాడడం మానేశాడు. ఆ డిసెంబరు ఎనిమిదిన పేర్లు పిలిచే వేళకు కాక తూలుకుంటూ చర్చి గేటు దాకా వచ్చాడు. పాస్టరు గారు ఉన్నారు, ఆడవాళ్ళు ఉన్నారు. బాపు ఎదురు వెళ్ళి గేటు మూసి గొళ్ళెం పెట్టాడు. నేను టీ గ్లాసుల పళ్ళెంతో అక్కడే నిలబడి చూశాను.

కాక తిట్టలేదు. ఇనుప గేటు మీద వేలి కణుపులతో మూడుసార్లు కొట్టాడు. ఆగాడు. మళ్ళీ మూడుసార్లు కొట్టాడు. బాపు గేటుకు ఇటువైపు జానెడు దూరంలో నిలబడి ఉన్నాడు. కొట్టలేదు. కాసేపటికి కాక చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది.

ఫిబ్రవరిలో ఆయన బేళ్ళ మీద నుంచి లేవలేదు. అదే సంవత్సరం డిసెంబరుకు బాపే జమ్మికుంట వెళ్ళి బాలలక్ష్మిని పిలుచుకొచ్చాడు. గేటు సంగతి ఆమెకు చెప్పాడో లేదో నాకు తెలియదు. మా ఇంట్లో ఎప్పుడూ ఎవరమూ ఎత్తలేదు. ఆ రోజు తప్పు బాపుదే. ఇన్నేళ్ళూ కూతుర్ని కాబట్టి నోరు మూసుకున్నాను గాని, తప్పు తప్పే.

డిసెంబరు ఎనిమిది వచ్చింది. హాల్లో ఫ్లెక్సీలు, పూలకుండీలు, ముందు వరుసలో సోఫాలు. కొత్త ఇత్తడి గంట ఒకటి వేదిక మీద మెరుస్తోంది. పాసులు ఉన్నవాళ్ళనే లోపలికి వదులుతున్నారు. పాసులు అమరవీరుల కుటుంబాలకేనట. బాలలక్ష్మి కోసం నేను అన్ని వరుసలూ వెతికాను, కనబడలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. రాలేదేమో, ఎవరో రావద్దని చెప్పారేమో అనుకున్నాను. బాపు చేతిలో గుడ్డసంచి ఉంది. బైబిలు అనుకున్నాను.

సాగర్ ఉపన్యాసం అయ్యాక బాపును పిలిచారు. ఆయన జాబితా ప్రకారమే మొదలుపెట్టాడు. ఒకటో గది, రెండో గది. ఇత్తడి గంట మోగడం, సోఫాల్లోంచి ఒకరు లేచి వెళ్ళి కొట్టడం, చప్పట్లు. మా చర్చిలో ఎవరూ చప్పట్లు కొట్టేవారు కాదు. నాలుగో గదిని దాటేసి అయిదో గది హనుమండ్లు పేరు పిలిచాడు. బాపు లొంగిపోయాడని నిజంగానే అనుకున్నాను, ఒక్క క్షణం ఆయన మీద అసహ్యం కూడా కలిగింది.

ఏడో గది అయిపోయింది. సాగర్ మైకు కోసం చెయ్యి చాచాడు. బాపు ఇవ్వలేదు.

"నాలుగో గది పిలువలే. దాన్ని ఆఖరికి వెట్టుకున్న" అన్నాడు. "వంటమనిషి రామచంద్రం. జమ్మికుంట."

సాగర్ పక్కకు చెయ్యి ఊపాడు. మైకు చచ్చిపోయింది. ముందు వరుసలో గుసగుసలు మొదలయ్యాయి. సాగర్ దగ్గరికొచ్చి చెవిలో ఏదో చెప్పాడు. బాపు ఆయన్ను పక్కకు జరగమని, మైకు లేకుండానే మాట్లాడాడు. పద్దెనిమిదేళ్ళు బోట్లలో మెల్లగా మాట్లాడడం నేర్చుకున్న మనిషి గొంతు అంత దూరం పోతుందని నాకు తెలియదు.

"వాడు తాగేటోడే. తాగి వచ్చిండని నేనే గేటు వెట్టిన. మూడు సార్లు కొట్టిండు. నేను లోపల్నే ఉన్న, జవాబియ్యలే. నేను సావద్దని వాడు ముప్పావుగంట కొట్టిండు, నేను వానికి ఒక్కసారి కొట్టలే. ఇజ్జత్ పోయేది ఉంటె నాది పోవాలె. వాని పేరు పోదు."

సంచిలోంచి తీసింది బైబిలు కాదు, మా చర్చి సుత్తి. ఇత్తడి గంట వైపు చూడనైనా చూడకుండా వేదిక పక్కనున్న ఇనుప స్తంభం మీద మూడు దెబ్బలు కొట్టాడు.

బుచ్చిరాములు పెదనాయన కర్ర ఊతంగా లేవబోయాడు, పక్క గది మనిషిగా తాను జవాబివ్వాలని. మోకాళ్ళు లేవనివ్వలేదు. నేను లేవాలా అనుకుంటున్నాను.

అప్పుడు వెనక నుంచి వచ్చింది చప్పుడు. హాలు వెనకనున్న ఇనుప తలుపు మీద, బయటి నుంచి. ఇనుము మీద ఇనుము. మూడు దెబ్బలు.

పాసు లేదని ఆమెను పొద్దున్నుంచీ హాలు వెనక వైపు బయటే నిలబెట్టారని తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా ఆ చప్పుడు గంటెది అని. పదిహేనేళ్ళుగా వింటున్నాను, పొరపడను.

బాపు వేదిక దిగాడు. సోఫాల మధ్య నుంచి, పూలకుండీల పక్క నుంచి, ఎవరి వైపూ చూడకుండా హాలు చివరి దాకా నడిచాడు. సాగర్ మనిషి ఒకడు అడ్డం రాబోయి, చేతిలో సుత్తి చూసి తప్పుకున్నాడు. బాపు తలుపు దగ్గర ఆగి, దాని మీద మూడు దెబ్బలు కొట్టాడు. అది పదహారేళ్ళు ఆలస్యంగా ఇచ్చిన జవాబు. అప్పుడు గొళ్ళెం తీశాడు.

బాలలక్ష్మి ఎండలో నిలబడి ఉంది, గంటె చేతిలో పట్టుకుని. చెమటకు ముఖం తడిసిపోయింది. బాపు ఆమె ముందు తల వంచాడు. ఆమె ఏడవలేదు.

"ఆయన ఆ రోజే చెప్పిండన్నా" అంది. "అబ్రహాం లోపల్నే ఉన్నడు, చెప్పుల కాళ్ళు గేటు కింద కనవడ్డయి అన్నడు. నువ్వు కొట్టకున్నా బతికే ఉన్నవని తెలిసింది, గంతే చాలన్నడు."

బాపు ఏడ్చాడు. మా అవ్వ పోయినప్పుడు కూడా ఏడవని మనిషి, అంతమంది ముందు, కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని ముందు వరుసకు తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

తలుపు బార్లా తెరిచే ఉంది. ఎండ లోపలికి పడుతోంది, రోడ్డు మీద ఆటోల మోత వినబడుతోంది. అలవాటు కొద్దీ నేనే లేచి మూయబోయాను.

"ఉండనియ్యి బిడ్డా" అన్నాడు బాపు.