అరుగు మీద మైక్రోస్కోపు

మా సైన్సు టీచర్ పోయారు. పోయిన మంగళవారం నేను మహబూబాబాద్ బడిలో తొమ్మిదో తరగతికి కణవిభజన చెప్పి వచ్చేసరికి బల్ల మీద కార్డుంది. కోస్తాలోని ఆవిడ ఊరి నుంచి పక్కింటావిడ రాశారు. రొమ్ములో గడ్డ, ఏడాది పాటు బాధపడ్డారట. చదివి మడిచి పెట్టుకుందామంటే కార్డాయె, అలాగే చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

గడ్డ సంగతి నాకు తెలుసు. వేసవిలో ఆవిడే రాశారు, పాఠం చెప్పినట్టే. "ఎప్పుడు ఆగాలో తెలిసిన కణాలతోనే ఒళ్లు నిలబడుతుందమ్మా. నాలో కొన్నిటికి ఆ తెలివి తప్పింది. ఒకసారి రా, నిన్నొకటి అడగాలి." పేపర్లు దిద్దడం కాగానే వస్తానని రాశాను. దిద్దడం అయింది, సెలవులూ అయిపోయాయి. తీరిక లేక కాదు. వెళ్తే ఆవిడ మొహం చూసి తప్పయిందని చెప్పాలి. పదిహేనేళ్లుగా నోట రాని మాట అది.

జనగామలో మా ఇంటి ముందుగదిలో ఆవిడ అద్దెకుండేవారు. ఒంటరి మనిషి. కొప్పులో పెన్సిలు, వేళ్లకు స్లైడ్ల ఎర్రరంగు. "గోరింట పెట్టుకున్నవా టీచరమ్మా?" అని మా అమ్మ ఆటపట్టించేది. బడిలో చెంచాతో మా బుగ్గల లోపల గీకించి, ఎవరి కణాలు వాళ్లకు చూపించేవారు. నావాటిలో ఒక్కటీ రెండుగా విడిపోవడం లేదు. క్లాసులో అందరికంటే పొట్టిదాన్ని నేనే. "నావి ఇడిపోతనే లేవు టీచర్, నేనిగ పెరుగనా?" అని ఏడ్చాను. ఆవిడ నవ్వలేదు. "పైకొచ్చినవి పని అయిపోయినవమ్మా. విడిపోయేవి అడుగున ఉంటాయి, గీకితే రావు" అన్నారు.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బళ్లు మూతపడ్డాయి. మా కొలువులు మాకు కావాలని ఊరేగింపుల్లో నేనూ అరిచాను, దానికి ఇప్పటికీ సిగ్గుపడను. సిగ్గంతా ఇంట్లో చేసినదానికే. "ఆ ఆంధ్రామెతోని మాట్లాడకు. మనోళ్లు చూస్తె మంచిగుండది" అన్నాడు మా అన్న. నాయిన గది ఖాళీ చేయమనలేదు గానీ, తనూ పలకరించడం మానేశాడు. నేను బిందె పట్టుకుని తలొంచుకుని ఆ గది ముందు నుంచే పోయేదాన్ని. ఒకరోజు ఆవిడ "అమ్మాయ్" అని పిలిచారు. విననట్టే వెళ్లిపోయాను. మళ్లీ పిలవలేదు.

తర్వాతి వారం పొద్దున్నే అరుగు మీద ఆవిడ సొంత మైక్రోస్కోపు కనబడింది. నీళ్లు నింపిన సిరాసీసాల మీద ఉల్లిగడ్డలు కూర్చోబెట్టి వేర్లు మొలిపించేవారు. వేరు కొసను కోసి, రంగువేసి, గాజుబిళ్ల కింద బొటనవేలితో అదిమి, స్లైడు సరిగ్గా కనబడేలా పెట్టి, గదిలోకెళ్లి తలుపు వేసుకునేవారు. నేను నోరు విప్పే పని లేకుండా చూసుకోవాలని. పక్కనే చీటీ ఉండేది. "దారాల్లాంటివి నడుమ వరుసకట్టాయి, చూడు." ఇంకోనాడు, "రెండు వైపులకూ వెళ్తున్నాయి." అన్న లేనప్పుడు చూసి వచ్చేదాన్ని. ఒకసారి ఊరేగింపు చెదిరినప్పుడు కింద పడ్డాను. మర్నాటి చీటీలో, "నీ మోచేతి గాయం కింద కూడా చర్మం ఇలాగే రెండు, నాలుగు అవుతూ ఉంటుంది. పక్కు గీకకు" అని ఉంది. తలుపు వేసుకున్న మనిషి నా మోచెయ్యి ఎప్పుడు చూశారో తెలియదు.

ఒకరోజు రెండు పిల్లకణాల బొమ్మ గీసి, కింద "ఇందుల తల్లికణం ఏది?" అని రాసి పెట్టాను. "రెండూ ఆ తల్లే. విడిగా ఇక లేదు" అని జవాబొచ్చింది. ఆ నెలల్లో నేను ఆవిడను అడిగింది అదొక్కటే.

బళ్లు తెరవకముందే ఆవిడకు బదిలీ అయింది. జట్కాలో సామాను ఎక్కిస్తుంటే అమ్మ బయటికెళ్లి "జర పైలం టీచరమ్మా" అంది. నేను కిటికీ వెనక నిలబడ్డాను. అన్న ఆ రోజు ఊళ్లోనే లేడు. ఎవరికి భయపడి చచ్చానో ఇప్పటికీ తెలియదు. తర్వాత ఏళ్ల తరబడి ఉత్తరాలు రాశాను, నా డిగ్రీ గురించి, ఉద్యోగం గురించి. ఆ నెలల గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆవిడా ఎత్తలేదు.

నిన్న పక్కింటావిడ నుంచి కవరొచ్చింది. ఆస్పత్రిలో చేరేటప్పుడు టీచర్ నింపిన కాగితం. దగ్గరి బంధువు అన్నచోట నా పేరు, మా బడి చిరునామా ఉన్నాయి. ఆవిడ దస్తూరీనే. దాని పక్కన, రోగికి ఏమవుతారు అన్న గడిలో 'కూ' అని మొదలుపెట్టి కొట్టేశారు. "మిమ్మల్ని అడిగి రాస్తానన్నారు. మీరు వస్తారని ఆ గడి అట్లాగే ఉంచమన్నారు" అని పక్కింటావిడ రాశారు.