గాలి వేగం సున్నా

“మెసేజు వచ్చీసిందే. పడవ తోసేస్తన్నాం” అన్నాడు నాన్న ఫోనులో. చిన్నదానికి అన్నం కలుపుతున్న నా చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. ఆ సాయంత్రం మా ఆఫీసు నుంచి ఏ మెసేజూ వెళ్లాల్సింది లేదు. చేపల వేటకు వెళ్లవద్దని పొద్దున్నే పంపాం.

మా ఆఫీసు శ్రీకాకుళంలో ఒక మేడ మీద ఉండేది. గాలి వేగాన్ని బట్టి వేటకు వెళ్లవచ్చో లేదో పడవలవాళ్ల సెల్‌ఫోన్లకు పంపే ప్రోగ్రాం రాసేవాళ్లం. పిల్లల కోసం నేను పెందలాడే ఇల్లు చేరాలి. అందుకని సగంలో ఉన్న కోడును నెట్‌లో అందరి కోడూ ఉండే చోట, నాకంటూ వేరుగా ఉన్న కాపీలోకి, అంటే నా బ్రాంచిలోకి పంపేసి, పిల్లలు నిద్రపోయాక ఇంటి కంప్యూటర్లోకి దించుకునేదాన్ని. నా బ్రాంచిలో ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా అది నా ఒక్కదాని సంగతి, పడవలవాళ్ల దాకా పోదు. అలాగే అనుకున్నాను.

ఆ రోజు గాలి వేగాన్ని చదివే భాగం తిరగరాస్తున్నాను. అది పూర్తయ్యేదాకా ఉంటుందిలే అని వేగం దగ్గర సున్నా పెట్టి, అలాగే బ్రాంచిలోకి పంపి ఇంటికొచ్చాను. సున్నా అంటే సముద్రం నిమ్మళంగా ఉన్నట్టు. వేటకు వెళ్లవచ్చు.

“నాన్నా, ఎల్లకు. ఆ మెసేజు తప్పు.”

“తప్పేటి?”

“నేను సగం రాసింది వచ్చేసినాది. గాలి ఉంది నాన్నా, పడవ ఆపు!”

“ఆపండ్రా!” అని నాన్న అవతల అరవడం వినబడింది. మా ఊరు కళింగపట్నంలో ఆ మెసేజును నమ్మమని పడవ పడవకూ తిరిగి చెప్పింది నాన్నే. “గాలి కూడా నీ కూతుర్ని అడిగే వీస్తాదేటి బావా?” అని మా మేనమామ అందరి ముందూ ఎగతాళి చేసేవాడు. చివరికి ఆయనా నమ్మాడు.

“నీ మావ పడవ ఎలిపోనాదే” అన్నాడు నాన్న. “ఎల్లనంటే నేనే ఎల్లమన్నాను.”

మా ఆయన తన ఫోనులో మా టీమ్ లీడ్‌ను పట్టుకుని నాకిచ్చాడు. ముందురోజు ఏదో అత్యవసర మరమ్మతు నా బ్రాంచిలో ఉందని లీడ్ మెసేజులు పంపే సర్వర్‌ను దానికి కలిపాడట. మళ్లీ వెనక్కి మార్చలేదు. నేను పంపింది పంపినట్టే నడిచి, సున్నా చూసి వెళ్లవచ్చని మెసేజు పంపేసింది. “మార్చాననే అనుకున్నానండీ” అన్నాడు. సర్వర్ ఆపించి, వెళ్లవద్దని మళ్లీ పంపించాం. ఒడ్డు మీద ఉన్నవాళ్లకు అందింది. మావయ్య ఫోను కలవలేదు.

డాబా మీద ఆరేసిన గౌన్లు తీగకు ఫటఫట కొట్టుకుంటున్నాయి. ఇక్కడే ఇంత గాలి ఉంటే అక్కడ? తీసుకొద్దామని వెళ్లి, ఒక గౌను పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తర్వాత నాన్నకు మళ్లీ మళ్లీ ఫోను చేశాను. మోటారు సైకిళ్లన్నీ సముద్రం వైపు తిప్పి లైట్లు వేశారట.

“ఇంక సెయ్యకే. ఫోను కాళీగా ఉండనీ. ఆడు సేస్తాడేమో.”

ఆ తర్వాత నేను ఫోను ముట్టుకోలేదు. మోగినప్పుడు కూడా మా ఆయనే తీసి, నాకు వినబడేలా స్పీకరులో పెట్టాడు. గాలి పెరగడం చూసి మావయ్యే పడవ వెనక్కి తిప్పాడట. ఒడ్డు దగ్గర అల బోల్తా కొట్టించింది. అందరూ ఈదుకొచ్చారు. మావయ్యకు చెయ్యి విరిగింది, వల పోయింది.

“బతికున్నాడే” అన్నాడు నాన్న. “మీ అత్త నన్ను దగ్గరికి రానివ్వలేదు” అన్నాడు.

మర్నాడు ఉదయం, బడికి తయారవుతున్న పిల్లలిద్దర్నీ ఆపాను.

“ఈరోజు బడి వద్దు. తాత ఊరు ఎల్తన్నాం. అక్కడ నన్ను తిడతారు. మీరు ఏడవకండి, ఎదురు మాటాడకండి. నా పక్కనే నిలబడండి.”